ఇరవై ఐదో రోజు

1794 అక్టోబరులో, లండన్ నుంచి వెలువడే జెంటిల్మన్స్ మ్యాగజైన్ అనే పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. కింద పేరు లేదు, బి.ఎల్. అని రెండు పొడి అక్షరాలు మాత్రమే. ఉత్తరంతో పాటు ఒక మనిషి బొమ్మ. పుణేలో ఉన్న జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మకి చెక్కిన అచ్చు అది. ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర మీద ఏ పుస్తకం తీసినా ఈ బొమ్మ కనిపించి తీరుతుంది. కింద ఒకటే వ్యాఖ్య: ముక్కు అతికించే విద్య భారతదేశం నుంచి యూరప్‌కి ఇలా వెళ్ళింది అని. మనవాళ్ళు దాన్ని గర్వంగా చెప్పుకుంటారు, పాశ్చాత్యులు మర్యాదగా ఒప్పుకుంటారు, కథ అక్కడితో అయిపోతుంది.

నాకు ఆ ఉత్తరంలో కత్తి కన్నా క్యాలెండర్ ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ఎందుకంటే ఆ ఉత్తరం రాసినాయన రోజులు లెక్కపెట్టాడు. మొదటి నాలుగు రోజులు ఏం చెయ్యాలి, ఐదారు రోజుల దాకా రోగి ఎలా పడుకోవాలి, పదో రోజున ఏం చెయ్యాలి, ఇరవై ఐదో రోజున ఏం కొయ్యాలి. ఆపరేషన్ గంటల్లో అయిపోతుంది. మిగతాదంతా ఎదురుచూపే. వైద్య చరిత్రలు ఈ ఎదురుచూపుని సాధారణంగా ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

బొమ్మలో ఉన్న మనిషి పేరు కోవాస్జీ. పేరు వింటే పార్శీ ఆయనేమో అనిపిస్తుంది గానీ ఉత్తరం అతన్ని మరాఠీ రైతు కులస్థుడనే చెప్తోంది. 1792 నాటి యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలేవాడు. టిప్పు సుల్తాన్ మనుషులకి బందీగా దొరికాడు. ముక్కూ, ఒక చెయ్యీ కోసేసి వదిలిపెట్టారు.

ఆ యుద్ధం మనకి మరీ దూరపుదేం కాదు. మూడో మైసూరు యుద్ధం అదే. నిజాం, మరాఠాలు, కంపెనీ ఒకవైపు, టిప్పు ఒకవైపు. ఆ యుద్ధం ముగిసినప్పుడు చేసుకున్న ఒప్పందంలోనే కడప ప్రాంతం నిజాం చేతికి వచ్చింది, ఎనిమిదేళ్ళ తర్వాత నిజాం దాన్ని కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలం అనే మాట పుట్టుకకి అక్కడొక వేరు ఉంది. ఆ యుద్ధం ఫిరంగుల మీద ఎంత నడిచిందో ఎడ్ల మీద అంత నడిచింది. 1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వెళ్ళి కూడా వెనక్కి మళ్ళాల్సి వచ్చిందంటే, తిండిగింజలు లేక, బళ్ళు లాగే ఎడ్లు వేల సంఖ్యలో చచ్చిపోవడం ముఖ్యమైన కారణం. బస్తాలు మోసుకొచ్చే లంబాడీ బిడారులు సైన్యానికి ప్రాణం. అలాంటప్పుడు ఎడ్లు తోలేవాడి చెయ్యి కొయ్యడంలో ఒక లెక్క ఉంది, మళ్ళీ పగ్గం పట్టకుండా. మరి ముక్కు ఎందుకు?

ముక్కు లేకపోయినా మనిషి పని చెయ్యగలడు, తినగలడు, నడవగలడు. ముక్కు కోసిన గాయం, కుళ్ళు పట్టకపోతే, కొన్ని వారాల్లో దానంతటదే ఎండిపోతుంది. శిక్ష వేసినవాడికి కావలసింది ఆ నొప్పి కాదు. గాయం మానాక మిగిలే మొహం. ఆ మొహంతో సంతకి వెళ్ళాలి, పెళ్ళికి వెళ్ళాలి, నలుగురిలో కూర్చోవాలి. మనకి ముక్కు కొయ్యడం అనగానే శూర్పణఖ గుర్తొస్తుంది, కథలో వినడం వల్ల అదొక వింతలా ఉండిపోయింది. నిజానికి అది చాలాకాలం నడిచిన వ్యవహారం. పదిహేడో శతాబ్దంలో మైసూరు, మదురై సైన్యాలు పోటాపోటీగా ఒకరి మనుషుల ముక్కులు ఒకరు కోసుకున్నారు. 1760లలో నేపాల్‌లో పృథ్వీ నారాయణ్ షా కీర్తిపూర్ పట్టుకున్నాక ఆ ఊరివాళ్ళ ముక్కులు కోయించాడు. రాజుల సంగతి అలా ఉంచితే, భార్య మీద అనుమానంతో ముక్కు కోసిన మొగుళ్ళ సంగతి పందొమ్మిదో శతాబ్దపు డాక్టర్ల రాతల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఈ శిక్షలన్నిటిలో కామన్‌గా ఉన్నది ఒకటే. మనిషిని చంపరు, మామూలు బతుకులోకి తిరిగి వెళ్ళనివ్వరు.

కాబట్టి కోవాస్జీకి కొత్త ముక్కు పెట్టినవాడు చేసింది వైద్యం మాత్రమే కాదు. ఒక సుల్తాను వేసిన శిక్షని రద్దు చేశాడు, కనీసం సగం రద్దు చేశాడు. దానికి పట్టిన టైము ఇరవై ఐదు రోజులు.

ఆ పని చేసినాయన పేరు ఉత్తరంలో లేదు. పుణే దగ్గర ఉండేవాడనీ, ఇటుకలు చేసే కులంవాడనీ ఉంది. తర్వాత రాసినవాళ్ళు కొందరు కుమ్మరి అని రాస్తారు. ఏదైనా మట్టితో పనిచేసే చేతులే. కోవాస్జీ అప్పటికి పన్నెండు నెలలకి పైగా ముక్కు లేకుండా గడిపాడు. ఈ ఆపరేషన్ జరిగే తీరుని బొంబాయి ప్రెసిడెన్సీకి చెందిన ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్ళారా చూశారని ఉత్తరం చెప్తుంది. పద్ధతి ఇది. పల్చటి మైనం రేకుతో ముక్కు ఆకారం చేసి మొండి మీద పెట్టి సరిచూస్తారు. ఆ మైనాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంబడి నుదుటి చర్మం ఒలుస్తారు, కనుబొమల మధ్య సన్నటి ముక్క మాత్రం తెగకుండా ఉంచుతారు. పాత ముక్కు మొండి అంచులు చెక్కి పచ్చిగా చేసి, నుదుటి చర్మాన్ని అరమెలిక తిప్పి కిందికి దించి, ఆ అంచుల్లోకి దోపుతారు. కుట్లు లేవు. కాచు నీళ్ళలో మెత్తగా చేసి గుడ్డపీలికల మీద పూసి, ఐదారు పీలికలు ఒకదాని మీద ఒకటి అతికిస్తారు.

కాచు అంటే మనం కిళ్ళీలో వేసుకునే కాచే. చండ్ర చెట్టు చేవని ఉడకబెట్టి తీస్తారు. ఆ కాలపు ఇంగ్లీషువాళ్ళు దానికి ‘జపాను మన్ను’ అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టుకున్నారు, అది మన్నూ కాదు, జపానుదీ కాదు. నోట్లో వేసుకుంటే నాలుక బిగుసుకున్నట్టవుతుంది కదా, ఆ వగరే అక్కడ పని చేసింది.

ఇక రోజుల లెక్క. నాలుగు రోజులు ఆ కాచు పట్టీ తప్ప ఇంకేం లేదు. ఆ తర్వాత అది తీసేసి నెయ్యిలో ముంచిన గుడ్డలు వేస్తారు. ఐదారు రోజుల పాటు రోగి వెల్లకిలా పడుకునే ఉండాలి. పదో రోజున ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా మెత్తటి గుడ్డముక్కలు దోపుతారు. ఇరవై ఐదో రోజు ప్రాంతంలో, కనుబొమల మధ్య అన్నాళ్ళూ కొయ్యకుండా ఉంచిన ఆ సన్నటి వంతెనని కోసేస్తారు.

ఆ వంతెన సంగతి కొంచెం చెప్పాలి, అసలు రహస్యం అంతా అందులోనే ఉంది. నుదుటి నుంచి దించిన చర్మానికి మొదట్లో రక్తం వచ్చేది ఆ సన్నటి దారిలోనే. దాన్ని వెంటనే తెంచేస్తే కొత్త ముక్కు నల్లబడి రాలిపోతుంది. కొద్దికొద్దిగా కిందనున్న పచ్చి అంచుల నుంచి కొత్త రక్తనాళాలు ఈ చర్మంలోకి పాకుతాయి. అవి తగినంత పెరిగాయన్న నమ్మకం కుదిరాక పాత దారి తెంచొచ్చు. నాటు వేసిన మొక్క వేరు పట్టేదాకా ఆగినట్టు అన్నమాట. ఇవాళ క్యాన్సర్ వల్ల ముక్కు పోయినవాళ్ళకి పెద్దాసుపత్రుల్లో నుదుటి చర్మంతో ముక్కు కడుతున్నారు. మత్తుమందు ఉంది, యాంటీబయాటిక్స్ ఉన్నాయి, వెంట్రుక కన్నా సన్నటి దారాలున్నాయి. ఆ వంతెనని ఎప్పుడు కోస్తారయ్యా అంటే, దాదాపు మూడు వారాలకి. రెండు వందల ఏళ్ళలో కత్తి ఎక్కడికో వెళ్ళిపోయింది, ఒళ్ళు మాత్రం తన టైము తను తీసుకుంటూనే ఉంది.

సుశ్రుత సంహితలో ఉన్నది ఇదే పద్ధతని చాలామంది రాసేస్తుంటారు. పూర్తిగా ఇదే కాదు. సూత్రస్థానం పదహారో అధ్యాయంలో ఉన్నది ముక్కు కొలతకి ఒక ఆకు కోసుకుని, ఆ కొలత ప్రకారం చెంప నుంచి చర్మం తీసే పద్ధతి. నుదురు ఎప్పుడు వచ్చిందన్నది వేరే చర్చ. కానీ ఆపరేషన్ తర్వాత జాగ్రత్తల విషయంలో సుశ్రుతుడు, పుణే ఇటుకలాయన ఒకే బడిలో చదువుకున్నట్టుంటారు. ఊపిరి ఆడటానికీ, ఆకారం నిలవటానికీ ముక్కులో రెండు గొట్టాలు పెట్టాలి. పతంగ చెక్క, అతిమధురం, రసాంజనం పొడి చల్లాలి. తెల్లటి దూది కప్పి మళ్ళీ మళ్ళీ నువ్వుల నూనెతో తడుపుతుండాలి. తిన్నది బాగా అరిగాక నెయ్యి తాగించాలి. అతుక్కున్నాక మిగిలిన చర్మం కొయ్యాలి. ముక్కు కురచగా వస్తే పెంచే ప్రయత్నం చెయ్యాలి, కండ ఎక్కువైతే సమం చెయ్యాలి. అంటే మొదటిసారే చక్కగా రాకపోవచ్చని ఆయనకి తెలుసు. ఇప్పటి సర్జన్లు రివిజన్ అంటారే, ఆ మాట అక్కడ ఒక్క ముక్కలో ఉంది.

అదే పని ఇటలీలో ఎంత కష్టపడి చేసేవాళ్ళో చూస్తే నుదుటి పద్ధతి విలువ తెలుస్తుంది. బొలోన్యా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన గాస్పరే తాల్యకోట్సి 1597లో వెనిస్‌లో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన చర్మం తీసింది భుజం దిగువన, దండచెయ్యి నుంచి. చేతిని తల దగ్గరికి మడిచి, చేతి చర్మాన్ని ముక్కుకి కుట్టి, తోలుపట్టీలున్న చొక్కాలాంటిది తొడిగి, అలాగే కట్టేసేవాడు. ఎన్నాళ్ళు? ఇక్కడ కూడా సుమారు మూడు వారాలే. మూడు వారాల పాటు తన మోచెయ్యి తన కళ్ళ ముందే వేలాడుతుంటే తిని, తాగి, పడుకోవాలి. తర్వాత చెయ్యి విడదీసి, ఆకారం దిద్ది, రంధ్రాలు చేసి, అచ్చు తొడిగి, మొత్తం నెలల తరబడి సాగేది. ఇంత ఎందుకయ్యా అంటే, ఆయన ఉద్దేశంలో ఇది కంటికింపు కోసం కన్నా లోపల కుంగిపోయిన మనిషి లేవడం కోసం. కత్తి యుద్ధాల్లో ముక్కు పోగొట్టుకున్న కుర్రాళ్ళు ఆ రోజుల్లో కొల్లలు. ఖగోళశాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ 1566లో అలాగే పోగొట్టుకుని జీవితాంతం లోహపు ముక్కు అంటించుకుని తిరిగాడు. సిఫిలిస్ వల్ల ముక్కు కూలిపోయినవాళ్ళు ఇంకా ఎక్కువ, అందుకే ముక్కు లేని మొహాన్ని చూసి జాలికన్నా ముందు అనుమానం పుట్టేది. తాల్యకోట్సి పోయాక ఆ పద్ధతి మరుగున పడిపోయింది. ఆ మూడు వారాలు భరించగలిగే రోగులూ, భరించేలా చెయ్యగలిగే డాక్టర్లూ తక్కువ కావడం అందుకొక కారణం అని నా అభిప్రాయం.

నా ముక్కులో అడ్డుగోడ వంకర సరిచెయ్యడానికి ఆ మధ్య చిన్న ఆపరేషన్ అయింది. కోవాస్జీ పక్కన దాన్ని పెట్టడం కూడా సిగ్గే. కానీ ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం చూస్తే ఆ పాత ఉత్తరం గుర్తుకు రాక మానదు. లోపలి ప్యాకింగ్ రెండో రోజున తీస్తారు, ప్లాస్టిక్ రేకులు వారానికి. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. వంగి బరువులు ఎత్తకూడదు. ఉప్పునీళ్ళతో కడుక్కోవాలి, పక్కులు గోకకూడదు. ఆఫీసుకి వారం పది రోజులకి వెళ్ళొచ్చు. బయటి ఆకారం కూడా మార్పించుకున్నవాళ్ళకైతే కళ్ళకింద నలుపు తగ్గడానికి రెండు వారాలు, కళ్ళజోడు ముక్కు మీద ఆనించడానికి నెలా నెలన్నర, వాపు పూర్తిగా దిగి అసలు ముక్కు ఇదీ అని తెలియడానికి ఏడాది. ‘ఎప్పటికి మామూలవుతాం డాక్టర్ గారూ?’ అని పక్క మంచం ఆయన రోజూ అడిగేవారు. డాక్టరు ప్రతిసారీ వారాల్లో జవాబు చెప్పేవారు. ఆయన అడుగుతున్నది మాత్రం వారాల గురించి కాదని నాకు అనిపించేది. రెండు నెలల్లో కూతురి పెళ్ళి ఉందాయనకి, పీటల మీద కూర్చోవాలి.

మామూలు అన్న మాట పట్టుకుంటే లండన్ కథ వేరుగా కనిపిస్తుంది. పుణే ఉత్తరం అచ్చయిన ఇరవై ఏళ్ళకి, 1814 అక్టోబరు 23న, జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ చెల్సీలోని సైనికాసుపత్రిలో ఆ పద్ధతి బతికున్న మనిషి మీద చేశాడు. అప్పటిదాకా శవాల మీద సాధన చేశాడు. మత్తుమందు ఇంకా పుట్టలేదు. రోగి ఒక సైనికాధికారి, కాలేయం జబ్బుకి ఇచ్చిన పాదరసం ముక్కుని తినేసింది. మూడో రోజు కట్టు విప్పితే, అక్కడున్న తోటి ఆఫీసరు ‘ముక్కుందే!’ అన్న అర్థంలో కేక పెట్టాడట. రెండో రోగి కెప్టెన్ లేథమ్ 1811లో అల్బుయేరా యుద్ధంలో జెండా వదలనందుకు ఒక చెయ్యి, ముక్కులో కొంత పోగొట్టుకున్నవాడు. చూడండి, కోవాస్జీకి పోయినవే ఇతనికీ పోయాయి. ఒకరిది శిక్ష, ఒకరిది వీరత్వం. ఒకరికి పుణే దగ్గర పేరు తెలియని ఇటుకలాయన, ఇంకొకరికి ఖర్చు పెట్టుకోవడానికి సాక్షాత్తూ యువరాజు. 1816లో కార్ప్యూ ఈ రెండు కేసుల మీద పుస్తకం వేశాక యూరప్ అంతా దాన్ని భారతీయ పద్ధతి అనడం మొదలుపెట్టింది.

ఇక్కడ మాత్రం ఆ విద్య పుస్తకాలకెక్కకుండానే నడుస్తూ వచ్చింది. కాంగ్రాలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేశాయి. జునాగఢ్‌లో త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా అనే డాక్టరు నాలుగేళ్ళలో వందకి పైగా ముక్కులు చేసి 1889లో పుస్తకం రాశాడు. ఆ చుట్టుపక్కల కాదు మక్రానీ అనే బందిపోటు ముక్కులు కోస్తూ తిరిగిన కాలం అది. అతను కోస్తాడు, త్రిభువన్ పెడతాడు అనే అర్థంలో ఆ సీమలో ఒక నానుడే పుట్టింది. నాకు ఈ నానుడి చాలా ఇష్టం. పోయిన ముక్కు తిరిగి వస్తుందని జనానికి గట్టిగా తెలిసిపోయాక ముక్కు కొయ్యడానికి ఉన్న భయం కొంతైనా తగ్గి ఉంటుంది కదా.

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి వారాలు సంవత్సరాలయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మొహాలు చితికిన సైనికుల కోసం 1917లో లండన్ శివార్లలో, సిడ్‌కప్‌లో ఒక ఆసుపత్రి పెట్టారు. హెరాల్డ్ గిలీస్ దానికి ప్రాణం. విలియం స్ప్రెక్లీ అనే లెఫ్టినెంట్‌కి ముక్కు పోయింది. పక్కటెముక మృదులాస్థిని నుదుటి చర్మం కింద నాటి, అది కుదురుకునేదాకా ఆగి, అప్పుడు మన పాత దారిలోనే కిందికి దించాడు గిలీస్. వచ్చిన ముక్కు మొదట ఉండాల్సినదానికి మూడింతలు లావుగా ఉంది, తోటి డాక్టర్లు నవ్వారు. వాపు దిగి, దిద్దుళ్ళు అయ్యేసరికి మంచి ముక్కే మిగిలింది. 1917లో చేరిన స్ప్రెక్లీ బయటికి వచ్చింది 1920లో. ఆ మధ్యకాలంలో అక్కడి సైనికులు ఊళ్ళోకి షికారుకి వెళ్ళేవాళ్ళు. ఆసుపత్రి దారిలో కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారు, వాటి మీద కూర్చున్నవాళ్ళ మొహాలు చూసి ఊరివాళ్ళు ఉలిక్కిపడకుండా ముందే హెచ్చరిక. వార్డుల్లో అద్దాలు ఉంచేవాళ్ళు కాదు. కోలుకోవడం అంటే ఒళ్ళు కోలుకోవడమే అయితే నీలం బెంచీలు అక్కర్లేదు. చూసేవాళ్ళకి పట్టే టైమూ ఇందులో ఉంది. సర్జన్ల లెక్కలోకి అది రాదు.

దీనికి కాస్త ముందు, 1898లో, బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ జబ్బూ గాయమూ లేని ఒక మనిషి ముక్కుని తగ్గించాడు. ఆ ముక్కు పెద్దది, అంతే. జనం చూపులు తట్టుకోలేక ఆ మనిషి బయటికి రావడమే మానేశాడు. డాక్టర్ల సమాజం ముందు ఆ కేసు చెప్తూ జోసెఫ్ ముఖ్యమైన ఫలితంగా చూపించింది కొలతలు కాదు. ఆ మనిషి ఇప్పుడు ఎవరి కంటా పడకుండా వీధిలో నడవగలుగుతున్నాడని చెప్పాడు. జోసెఫ్ యూదుడు, తర్వాత ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో యూదులు చాలామంది. ఎవరూ తిరిగి చూడకపోవడం ఆ నగరంలో ఎంత పెద్ద వరమో వాళ్ళకి తెలుసు.

కోవాస్జీ బొమ్మ వేసేనాటికి ఆపరేషన్ అయి పది నెలలయింది. కొత్త ముక్కు గట్టిగా నిలుస్తుందనీ, సహజమైనదానికి దాదాపు తీసిపోదనీ, నుదుటి మచ్చ కొన్నాళ్ళకి అంతగా కనపడదనీ ఉత్తరం అంటుంది. తలపాగా కాస్త దించి కట్టుకుంటే ఆ మాత్రం కూడా కనపడదని నేననుకుంటాను. అతను కంపెనీ దగ్గర పింఛను తీసుకుంటున్నాడని కూడా అందులోనే ఉంది. ఎడ్లు తోలే పనికి రెండు చేతులు కావాలి.